ఉద్దానం దారిలో... ఊపిరి పోసే పంపు!

జీడితోటలు, కొబ్బరి నీడలు, ఆ పక్కనే సముద్రం... ఉద్దానం చూసి రావడానికి ఇంకేం కావాలి? కారులో ఓ గాలిపంపు కావాలి! ఎందుకో, ఎలాంటిదో రెండు ప్రయాణాల్లో తెలిసొచ్చింది.

కిందటేడాది జనవరి. సాయంత్రం ఐదున్నర. అక్కుపల్లి తీరం చూసి పలాసకు తిరిగొస్తున్నాం. రెండువైపులా జీడితోటలు, మధ్యలో సన్నటి తారురోడ్డు. పిల్లలిద్దరూ ఇసుక కాళ్లతోనే వెనకసీట్లో నిద్రపోయారు. ఉన్నట్టుండి కారు ఎడమవైపు లాగడం మొదలైంది. దిగి చూస్తే ముందుటైరు నేలకు అతుక్కుపోయి ఉంది.

స్టెప్నీ ఉందిగా అని ధీమాగా డిక్కీ తెరిచా. ఉంది. కానీ దాంట్లోనూ గాలి లేదు! కారు కొన్న మూడేళ్లలో దాన్ని ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు మరి.

చీకటి పడుతోంది. అటుగా సైకిల్ మీద వెళ్తున్న ఓ పెద్దాయన ఆగాడు.

''ఏటైంది బావూ... బండాపేసినారు?''

విషయం చెప్పాం. మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాల తర్వాత ఓ సైకిల్ పంపుతో తిరిగొచ్చాడు. స్టెప్నీ బిగించి ఆయన కాసేపు, నేను కాసేపు గాలి కొట్టాం. చొక్కా తడిసి ముద్దయింది. కారు కదిలే స్థితికి వచ్చాక ఆయన నవ్వుతూ అన్నాడు.

''కారుకి అంత డబ్బెట్టినారు. గాలికి ఎట్టలేదేటి బావూ?''

జవాబు చెప్పలేకపోయా.

జీడిపప్పు చెప్పిన పాఠం

ఆ రాత్రి పలాసలోనే ఉండిపోయాం. మర్నాడు కాశీబుగ్గలో జీడిపప్పు కొనడానికి వెళ్లాం. పలాస, కాశీబుగ్గ... పేరుకే రెండు, కలిసిపోయిన జంట ఊళ్లు. ఎటు చూసినా జీడిపరిశ్రమలే. పిక్కను కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, రకాలుగా ఏరడం... వేలమంది ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచే పని అది.

దుకాణంలో డబ్బాల మీద 180, 240, 320 అని అంకెలున్నాయి. అంకె పెద్దదైతే పప్పు పెద్దదనుకుని 320 ఇమ్మన్నా. దుకాణదారు నవ్వాడు. పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే లెక్కట అది. 320 అంటే పౌనుకు 320 దాకా తూగే చిన్నపప్పు. 180 అంటే దానికి దాదాపు రెట్టింపు సైజున్న రాజాలాంటి పప్పు. అంకె పెద్దదైతే సరుకు చిన్నది!

విశాఖ వచ్చాక గాలిపంపు కొనడానికి వెళ్తే ఆ మాటే గుర్తొచ్చింది. అక్కడా పెట్టెల మీద పెద్దపెద్ద అంకెలు. '150 పీఎస్ఐ' అని ఒకటి. మా కారు టైరుకు కావలసింది 33. నూటయాభై దాకా కొట్టగలదన్న గొప్ప మనకెందుకు? చూడాల్సింది ఎంతదాకా కొడుతుందని కాదు, మనకు కావలసినంత ఎంతసేపట్లో కొడుతుందని. అది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పెట్టె మీద 'లీటర్/నిమిషం' అంకె ఎక్కువుంటే పని త్వరగా అవుతుంది.

వైరుదా? బ్యాటరీదా?

ఈ పంపులు ప్రధానంగా రెండు రకాలు. కారులో సిగరెట్ లైటర్ దగ్గరుండే 12 వోల్టుల సాకెట్‌కు తగిలించేవి ఒకటి. సెల్‌ఫోన్‌లా ఛార్జింగ్ పెట్టుకునేవి రెండోది. వెయ్యిన్నర నుంచి మూడు నాలుగు వేల రూపాయల్లో రెండూ దొరుకుతున్నాయి.

బ్యాటరీది చేతిలో ఇమిడిపోతుంది. బైకుకూ, పిల్లల సైకిల్‌కూ, ఫుట్‌బాల్‌కూ పనికొస్తుంది. కానీ ఆరునెలలు డిక్కీలో పడేసి, అవసరమైన రోజు తీస్తే ఛార్జింగ్ ఉండకపోవచ్చు. ఎండలో ఆపిన కారు లోపలి వేడి లిథియం బ్యాటరీకి మంచిది కాదు. నెలకోసారి ఛార్జింగ్ పెట్టే ఓపిక ఉన్నవాళ్లకే అది సరిపోతుంది.

నాలాంటి మతిమరుపు మనిషికి వైరుదే నయం. కారు ఉన్నంతసేపూ అదీ ఉంటుంది. కాకపోతే దానికీ కొన్ని షరతులున్నాయి. వైరు, గొట్టం కలిపి వెనకటైర్ల దాకా అందాలి. కొట్లోనే విప్పి చూశా. ఒకటి ముందుటైర్ల దగ్గరే ఆగిపోయింది. మూడు మీటర్లకు తగ్గని వైరున్నది తీసుకున్నా. ఇంకోటి, పంపు ఎన్ని వాట్లదో చూసి 12తో భాగించండి. 120 వాట్లదైతే 10 ఆంపియర్లు లాగుతుంది. మీ కారు సాకెట్ ఫ్యూజు అంతకంటే తక్కువదైతే అది ఎగిరిపోతుంది. ఫ్యూజు ఎంతదో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

కావలసిన అంకె పెట్టుకుంటే అక్కడికి రాగానే దానంతటదే ఆగిపోయే సదుపాయం ఉంటే మంచిది. చిన్న లైటు కూడా ఉండాలి. పంక్చరు పగటిపూటే పడాలని రాసిపెట్టి లేదు కదా! టైరు వాల్వుకు మరతో బిగించే మూతి అయితే గాలి లీకవదు. ఇక ఏ పంపునైనా పావుగంటకు మించి ఆపకుండా నడిపితే వేడెక్కుతుంది. ఎంతసేపు నడపాలో, ఎంతసేపు ఆపాలో పెట్టెలోని కాగితంలో రాసే ఉంటుంది.

ఇప్పుడీ పంపు అవసరం మరీ పెరిగింది. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు సరిచేసుకునే కిట్, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు ఉంటే కారులో స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదంది. మీ కొత్తకారు డిక్కీ ఓసారి తెరిచి చూడండి. చక్రం ఉండాల్సిన చోట పంపు కనిపించవచ్చు!

మళ్లీ అదే దారి

ఈ జనవరిలో మళ్లీ బయల్దేరాం. తెల్లవారుజామున నాలుగింటికి, ఇంటి ముందే నాలుగు టైర్లూ, స్టెప్నీ చూసుకున్నా. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పరుగెత్తి వేడెక్కిన టైరు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితంలో ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం మాత్రమే. అంతదాకా కొట్టకూడదు. ఒక టైరులో 22 ఉంది. 33కు రావడానికి మూడున్నర నిమిషాలు పట్టింది. చప్పుడుకు ఎదురింటాయన లేచొచ్చాడు గానీ, పంపు పాసైంది.

విశాఖ నుంచి పలాసకు రెండొందల కిలోమీటర్లలోపే. ఒకప్పటి ఐదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి. శ్రీకాకుళంలో నాగావళి, మడపాం దగ్గర వంశధార దాటితే టెక్కలి. అక్కడ ఆగాల్సినవి రెండున్నాయి. ఒకటి రావివలస ఎండల మల్లికార్జునుడు. పైకప్పు లేకుండా ఎండలోనే ఉండే పెద్ద లింగం. రెండోది తేలినీలాపురం. చలికాలమంతా గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చెట్ల మీదే కాపురం పెడతాయి. పిట్టలు రాని ఏడాది ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ల నమ్మకం. ఆడపడుచుల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు వాటిని. దగ్గర్లోనే నౌపడ ఉప్పుమళ్లు ఎండలో తెల్లగా మెరుస్తుంటాయి.

పలాస నుంచి సముద్రం వైపు తిరిగితే అసలైన ఉద్దానం. 'ఉద్యానవనం' అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి... ఒకదాని నీడలో ఒకటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. లక్షల చెట్లు నేలకొరిగాయి. ఇప్పటికీ కొన్ని తోటల్లో ముసలి చెట్ల మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లో లేతమొక్కలు కనిపిస్తాయి. కొబ్బరిమొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పట్టాలి కదా.

ఆగిపోయిన ఆటో

రెండోరోజు ఉదయం ఆరింటికి వజ్రపుకొత్తూరు వైపు బయల్దేరాం. మంచు ఇంకా విడలేదు. ఎదురుగా రోడ్డు పక్కన ఓ ఆటో ఆగి ఉంది. లోపల దుప్పటి కప్పుకుని ఓ పెద్దావిడ, పక్కన కొడుకు. డ్రైవరు చక్రం దగ్గర కూర్చున్నాడు.

''సన్న పంక్చరు బావూ. రేత్రి స్టెప్నీ ఏసీసినాను. ఇదీ దిగిపోతంది. అమ్మని డయాలిసిస్‌కి తీసుకెల్లాల. ఏడింటికి పేరు పిలుస్తారు.''

ఉద్దానంలో ఈ మాట కొత్తకాదు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఇదమిత్థంగా తేలని కిడ్నీజబ్బు ఎన్నో ఏళ్లుగా ఈ పచ్చటి ఊళ్లను పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండొందల పడకల ఆసుపత్రి వచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకమూ అప్పుడే మొదలైంది. అయినా వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాల్సిన వాళ్లకు ఆసుపత్రి ఎంత దగ్గరైనా దారి ఉంటుంది కదా. ఆ దారికి ఓ బండి కావాలి. ఆ బండికి గాలి ఉండాలి.

''ముందు గాలి కొట్టి చూద్దాం. నిలబడకపోతే అమ్మను మన కారులో తీసుకెళ్దాం'' అంది మా ఆవిడ. కారును ఆటో పక్కకు చేర్చి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి పంపు తగిలించా. లేకపోతే పంపు కారు బ్యాటరీని తినేస్తుంది. ఆటో టైరు చిన్నది, రెండు నిమిషాల్లోనే బిగిసింది. డ్రైవరు వాల్వు మీద ఉమ్మి తడి రాసి చూశాడు. బుడగ రాలేదు. గాలి దిగిపోతున్నది ఇంకెక్కడినుంచో మరి.

''పలాస దాకా నిలబడతాదంటారా?'' కొడుకు అడిగాడు.

నాకేం తెలుసు? ''మీ వెనకే వస్తాం'' అన్నా.

సముద్రానికి వెళ్లాల్సినవాళ్లం వెనక్కి తిరిగాం. పిల్లలు గొణగలేదు. ఆటో వెనక చక్రాన్నే చూస్తూ కూర్చున్నారు. సగం దారిలో ''నాన్నా, తగ్గుతోంది!'' అని అరిచింది పాప. ఆపి మళ్లీ రెండు నిమిషాలు కొట్టాం. ఏడుకు ఐదు నిమిషాలుందనగా ఆసుపత్రి గేటు దాటాం.

ఆవిడ దిగుతూ మా పాప తలమీద చెయ్యేసింది. ''సల్లగుండమ్మా'' అంది. అంతే. కొడుకు ఆమెను పట్టుకుని లోపలికి నడిపించాడు. డ్రైవరు ఆటోను నెమ్మదిగా పంక్చరు షాపుకు తోలుకెళ్లాడు.

అదీ చెప్పాల్సిన మాటే. పంపు పంక్చరును బాగుచేయదు. పంక్చరు షాపుదాకా తీసుకెళుతుంది, అంతే. దిగబడిన మేకును మనమే పీకేయకుండా, గాలి కొట్టి, నెమ్మదిగా షాపుకు చేరుకోవడం మేలు.

ఇసుకలోకి వద్దు

మధ్యాహ్నం బారువ వెళ్లాం. అక్కడ కొందరు కుర్రాళ్లు టైర్లలో గాలి సగానికి సగం తీసేసి కారును తీరం మీదికి ఎక్కించబోతున్నారు. గాలి తగ్గిస్తే టైరు వెడల్పై ఇసుకలో కూరుకుపోదు, నిజమే. తిరిగి కొట్టడానికి పంపూ ఉంది వాళ్ల దగ్గర. కానీ జనవరి నుంచి ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. టైర్ల కింద ఏ గూడు నలుగుతుందో పైకి కనిపించదు. సరుగుడు తోపు దగ్గరే కారు ఆపి నడిచివెళ్తే సముద్రం ఏమీ దూరం కాదు.

తిరుగు ప్రయాణంలో మందస కోవా కొనుక్కున్నాం. ఆకులో పెట్టిచ్చిన కోవా పిల్లలు దారిలోనే ఖాళీచేశారు. అక్కుపల్లి రోడ్డు మలుపు దగ్గర కాసేపు ఆగాం. కిందటేడాది సైకిల్ పంపు తెచ్చిచ్చిన పెద్దాయన కనిపిస్తాడేమోనని చూశా. కనిపించలేదు. పేరైనా అడగలేదు అప్పుడు.

గాలికి డబ్బు పెట్టానని ఆయనకు చెప్పాల్సి ఉంది.

బయల్దేరే ముందు...

* స్టెప్నీలో గాలి నెలకోసారి చూసుకోవాలి.
* పంపును కొన్నరోజే ఓసారి ఇంటి దగ్గర వాడి చూడాలి. దారిలో నేర్చుకోవడం కష్టం.
* పంపుతోపాటు జాకీ, పానా, టార్చిలైటు, ట్యూబ్‌లెస్ పంక్చరు కిట్ ఒకేచోట పెట్టుకోవాలి.
* జాతీయ రహదారిపై ఆగాల్సివస్తే బండిని పూర్తిగా పక్కకు తీసి, పిల్లల్ని రెయిలింగ్ అవతల నిలబెట్టాకే టైరు ముట్టుకోవాలి.
* పిట్టల కోసమైతే చలికాలమే మంచి సమయం. టెక్కలి, పలాసల్లో బస దొరుకుతుంది. పలాస రైల్వేస్టేషన్ హౌరా-చెన్నై మార్గంలోనే ఉంది.