కొత్త గురువులకు స్వాగతం

వైద్య కళాశాలకు కొత్త అధ్యాపకులు వస్తున్నారంటే మేము డాక్టర్ పాల్ బ్రాండ్ గారిని తలచుకుంటాము. ఆయన 1946లో బోధించడానికి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. చెంగల్పట్టులో ఒక కుష్ఠు వ్యాధిగ్రస్థుని వంకర చేతిని పట్టుకొని, ఆ పట్టులోని బలానికి ఆశ్చర్యపోయారు. నేర్పవచ్చిన గురువు రోగి వద్దనే నేర్చుకొన్నారు. తరువాత ఆయన శస్త్రచికిత్సతో అటువంటి చేతులెన్నో మళ్లీ పనికి వచ్చాయి.

మేమూ ఒక గురువును చూచాము. మా అమ్మ ఆసుపత్రిలో ఉండగా, కొత్తగా చేరిన డాక్టరుగారు విద్యార్థులతో మంచం దగ్గరకు వచ్చి, "అమ్మా, ఈ పిల్లలు మిమ్మల్ని పరీక్ష చేయవచ్చా?" అని అడిగారు. సిగ్గుతో ముడుచుకొన్న అమ్మ నెమ్మదిగా తల ఊపింది. ఆ పిల్లలకు అదే మొదటి పాఠం.

ప్రియులారా, వారు చదివే పుస్తకాలలో మన బీదల దేహాలూ ఉన్నవి. కొత్త గురువులకు అడిగే మనస్సు, నేర్చుకొనే మనస్సు దయచేయుమని ప్రార్థించుదము.