కర్త లేని విశేషణం

వానాకాలం వచ్చిందంటే దేశంలోని ఇంగ్లీషు పత్రికలకు ‘డైలాపిడేటెడ్’ అనే మాట లేనిదే పూట గడవదు. వంతెన కానివ్వండి, పాఠశాల కానివ్వండి, ముంబయిలోని పాత చాల్ కానివ్వండి, కూలినదానికి ముందుగా తగిలేది ఆ విశేషణమే. శిథిలమైన, జీర్ణావస్థలో ఉన్న అని అర్థం. కట్టడాలకూ వాహనాలకూ వాడతారు. మనిషికి వాడితే వెక్కిరింపు అవుతుంది.

లాటిన్‌లో ‘లాపిస్’ అంటే రాయి. రాళ్లను చెల్లాచెదరు చేయడం, ఆస్తిని దుబారా చేయడం అనే అర్థాలున్న క్రియ నుంచి ఈ మాట పుట్టింది. అంటే మూలంలో కట్టడం తనంతట తాను పాడుకాలేదు, పాడుచేసినవాడు ఒకడున్నాడు. ఇంగ్లండ్ చట్టం ఆ సంగతి మరవలేదు. చర్చి ఇచ్చిన ఇంటిని బాగుచేయించకుండా వదిలేసిన మతాచార్యుడు ఒకప్పుడు ‘డైలాపిడేషన్స్’ కింద జవాబుదారీ. నేటికీ అక్కడ వ్యాపార భవనం అద్దె గడువు ముగిసినప్పుడు కిరాయిదారు నుంచి రాబట్టే మరమ్మతు సొమ్ముకు అదే పేరు.

భారత జనగణనలో ఇళ్లకు మూడే తరగతులు: బాగున్నవి, నివాసయోగ్యమైనవి, డైలాపిడేటెడ్. 2011 లెక్కల్లో ఐదు శాతానికి పైగా కుటుంబాలు మూడో తరగతి ఇళ్లలో ఉన్నాయి. రెండో తరగతి పేరే ‘నివాసయోగ్యం’ అయినప్పుడు మూడోది నివాసానికి తగనిదనే కదా! అయినా ఎన్యూమరేటర్ ఆ గడప దగ్గరే నిలబడి, అందులో కాపురమున్నవారినే అడిగి వివరాలు రాసుకున్నాడు.

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ పాఠశాల కూలి ఏడుగురు పిల్లలు మరణించారు. శిథిల భవనాల జాబితాలో ఆ బడి లేదని అధికారులు చెప్పారు. అంటే ఆ విశేషణం గోడ పగుళ్లను బట్టి కాక, కాగితం మీది నమోదును బట్టి వర్తిస్తుందన్నమాట. జాబితాకెక్కితే మరమ్మతుకు నిధులు చూపాలి, పిల్లలకు వేరే గది చూపాలి. ఎక్కకపోతే ఆ బెడద లేదు. కూలిన తరువాత మాత్రం పత్రికల్లో అది డైలాపిడేటెడే.

తెలుగు పత్రికల ‘శిథిలావస్థకు చేరిన’ నడిచేదీ ఈ దారినే. చేరింది భవనం, చేర్చినవారు వాక్యంలో ఎక్కడా కనిపించరు. ‘మరమ్మతు చేయించని బడి’ అని రాస్తే, ఎవరు చేయించలేదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అచ్చులో స్థలం కూడా ఎక్కువ పట్టదు.