సైరన్‌కూ హారన్‌కూ మధ్య నాలుగు రోజులు

జూన్ 6న సరిగ్గా ఉదయం 10 గంటలకు దక్షిణ కొరియా అంతటా సైరన్ మోగుతుంది. ఒక్క నిమిషం. సియోల్ కూడళ్లలో కార్లు ఆగుతాయి. రోడ్డు దాటుతున్నవాళ్లు ఉన్నచోటే నిలబడి తల వంచుతారు. ఫోన్ చూసుకుంటూ సాగిపోయేవాళ్లూ ఉంటారనుకోండి, వాళ్లు లేని దేశం ఎక్కడుంది? జెండాలు ఆ రోజు అవనతంగా ఎగురుతాయి. దేశం కోసం పోయినవాళ్లను తలచుకునే ఈ దినాన్ని 1956లో మొదలుపెట్టారు. కొరియా యుద్ధం ఆగి అప్పటికి మూడేళ్లే. ఆ ఏడాది జూన్ 6న వాళ్ల పంచాంగంలో మాంగ్‌జోంగ్ వచ్చింది. బార్లీ కోతలు ముగించి వరి నాట్లకు దిగే అదను అది, మన ఏరువాక లాంటిది. చనిపోయిన సైనికులను ఈ పొలం పనుల మధ్యనే తలచుకోవడం పాత ఆచారమట. చావును తలచుకోవడానికి మొలకల కాలాన్ని ఎంచుకోవడం నాకు నచ్చింది.

హాన్ నదికి దక్షిణపు ఒడ్డున, దోంగ్‌జాక్‌లో జాతీయ శ్మశానవాటిక ఉంది. శవం కూడా దొరకనివాళ్ల పేర్లే అక్కడ లక్షకు పైగా చెక్కి ఉన్నాయి. అక్కడ జనరల్‌కు ఎనిమిది ప్యోంగ్‌ల చోటు ఇచ్చేవారు, మామూలు సిపాయికి ఒక్క ప్యోంగ్. మన కొలతలో సిపాయి వాటా మూడు చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. వియత్నాంలో కొరియా దళాలను నడిపిన జనరల్ చే మ్యోంగ్‌షిన్ 2013లో చనిపోతూ తనను సిపాయిల వరసలోనే, ఆ ఒక్క ప్యోంగ్‌లోనే పాతిపెట్టమన్నాడు. అలాగే చేశారు. అంతకుముందు ఏ జనరల్‌నూ అలా పాతిపెట్టలేదు. 1961లో సైనిక కుట్ర చేసినవాళ్లలో ఇదే మనిషి ఒకడు. ఈ రెండు సంగతులనూ ఒకే సమాధి రాయి మోస్తోంది.

నాలుగు రోజులు గడిస్తే జూన్ 10, 1987 ప్రజా ఉద్యమాన్ని తలచుకునే రోజు. దాన్ని ప్రభుత్వం గుర్తించడానికి 2007 దాకా పట్టింది. 1987లో ఆ రోజు పొద్దున జాంసిల్ ఇండోర్ స్టేడియంలో పాలక పక్షం సభ పెట్టి, జనరల్ చున్ దూహ్వాన్ తర్వాత అధ్యక్షుడు కావలసింది రో తేవూ అని తేల్చేసింది. అతనూ జనరలే. జనం ఓటుతో పని లేదు.

ఆ కాలంలో సాయంత్రం 6కి జాతీయ జెండా దించేవారు. గీతం వినపడితే చాలు, ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆగి, జెండా ఉన్న దిక్కుకు తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకోవాలి. ఉద్యమకారులు సరిగ్గా ఆ నిమిషాన్నే ఎంచుకున్నారు. 6 కొట్టగానే అందరూ జాతీయగీతం పాడండి, బండ్లవాళ్లు హారన్ కొట్టండి, చర్చిల్లో గుళ్లలో గంటలు మోగించండి అని పిలుపిచ్చారు. సియోల్ ఆంగ్లికన్ చర్చి గంట 42 సార్లు మోగింది. జపాన్ చెర వదిలి అప్పటికి 42 ఏళ్లు. టాక్సీలూ బస్సులూ హారన్ మీద చెయ్యి తీయలేదు. వీధుల్లో బాష్పవాయువు కమ్మింది. జెండాను ఎవరూ తగలబెట్టలేదు. జెండా వేళను మాత్రం సర్కారు చేతిలోంచి లాక్కున్నారు. హారన్ కొట్టిన డ్రైవర్ని ఏ చట్టం కింద పట్టుకుంటారు? జాతీయగీతం పాడినవాణ్ని ఏమని కొడతారు? కొట్టారనుకోండి, అది వేరే మాట. ఇరవై రోజులు తిరక్కుండానే, జూన్ 29న, అధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకోవడానికి రో తేవూ ఒప్పుకోక తప్పలేదు.

ఆ హారన్లు మోగడానికి ముందు రోజు, జూన్ 9న, యోన్సే విశ్వవిద్యాలయం గేటు దగ్గర లీ హన్యోల్ అనే విద్యార్థి తలకు బాష్పవాయు గోళం తగిలింది. తోటి విద్యార్థి ఒకడు వెనకనుంచి పట్టుకుని నిలబెడుతుంటే నెత్తురు కారుతూ వాలిపోయిన అతని ఫొటో ప్రపంచమంతా చూసింది. జూలై 5న చనిపోయాడు. దెబ్బ తగిలిన రోజు అతని కాళ్లకున్న బూట్లలో ఒక్కటే, కుడికాలిది, మిగిలింది. సియోల్‌లో అతని పేరిట ఉన్న చిన్న మ్యూజియంలో దాన్ని దాచారు. కాలం గడిచేకొద్దీ అడుగు అట్ట ముక్కలు ముక్కలుగా రాలిపోతుంటే, 2015లో పాత కళాఖండాలు బాగుచేసే నిపుణుడు నెలల తరబడి కూర్చుని ఆ ముక్కలన్నీ ఏరి అతికించాడు. మామూలు కుర్రాడి మామూలు బూటు. రాజుల కిరీటాలకు చేసే చాకిరీ దానికి చేశారు.

హన్యోల్ పెరిగింది గ్వాంగ్‌జులో. అతన్ని పాతిపెట్టిందీ అక్కడే, మాంగ్వోల్‌దోంగ్‌లో. 1980 మే నెలలో, సైనిక పాలనకు ఎదురుతిరిగినందుకు చున్ దూహ్వాన్ సైన్యం చంపిన జనాన్ని చెత్త లారీల్లో తెచ్చి పూడ్చిన చోటు అది. ఆ మేలో జరిగిన ఒక సంగతి నన్ను వదలదు. సైనికుల తూటాలకు పోయినవాళ్ల శవపేటికల మీద గ్వాంగ్‌జు జనం జాతీయ జెండానే కప్పారు, జాతీయగీతమే పాడారు. హాన్ కాంగ్ 'హ్యూమన్ ఆక్ట్స్' నవలలో ఒక పిల్లాడికి ఇదే అర్థం కాదు. చంపింది దేశపు సైన్యమే కదా, మరి ఆ దేశపు జెండా ఎందుకు కప్పుతున్నారు అని. నాకు తోచింది ఒకటే. జెండా సైన్యం సొత్తు కాదని గట్టిగా చెప్పడానికి వాళ్ల చేతిలో మిగిలింది ఆ గుడ్డ ఒక్కటే.

చనిపోయిన సైనికుల మాటేమిటి? గ్వాంగ్‌జులో రెండు పదుల మంది సైనికులూ పోయారు. వాళ్లలో సగానికి పైగా తమ సైన్యమే పొరపాటున కాల్చిన తూటాలకు బలయ్యారు. నలభై ఏళ్లు వాళ్లందరూ 'యుద్ధంలో వీరమరణం' పొందినట్టు రికార్డుల్లో ఉన్నారు. సొంత ఊళ్లో సొంత జనంతో యుద్ధం ఎక్కడిది? 2020 చివర్లో రక్షణ శాఖ వాళ్లలో 22 మంది రికార్డు మార్చి 'విధి నిర్వహణలో మృతి' అని రాసుకుంది. ఇది సబబేనని నా మనసు ఒప్పుకుంది. అయినా జూన్ 6 సైరన్ మోగే వేళ వాళ్లలో ఒకడి తల్లి సమాధి ముందు నిలబడి ఉంటే, ఆమెకు ఈ మార్పు ఎలా చెప్పాలో మాత్రం నాకు తోచడం లేదు.

స్మరించుకోవడంలోనూ కొరియన్లకు గొడవలు తప్పలేదు. గ్వాంగ్‌జు తిరుగుబాటును తలచుకునే మే 18 సభలో అక్కడి అమరుల పాటను అందరూ నిలబడి కలిసి పాడాలా, లేక వేదిక మీద గాయకులు పాడుతుంటే తక్కినవాళ్లు వింటే చాలా అని ఏళ్ల తరబడి కీచులాడుకున్నారు. మన ఎమర్జెన్సీ మొదలైన జూన్ 25 కొరియా యుద్ధం మొదలైన తేదీ కూడా.  ఇక్కడ మనం ఆ తేదీని ఏ పేరుతో తలచుకోవాలని ఇప్పటికీ తగువులాడుతున్నాం కాబట్టి వాళ్ల పాట గొడవ చూసి నవ్వే హక్కు మనకు లేదు.

2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించగానే జనం పార్లమెంటు గేటుకు పరుగెత్తారు. సభ్యులు గోడలు దూకి లోపలికెళ్లి దాన్ని కొట్టేస్తూ ఓటేశారు. తెల్లారేలోపే అది రద్దయింది. ఆ జనంలో 1980ని కళ్లారా చూసినవాళ్లు ఎందరున్నారో గాని, ఏటా మేలోనూ జూన్‌లోనూ ఆ కథ వింటూ పెరిగినవాళ్లు మాత్రం చాలామందే ఉండి ఉంటారు.

మాంగ్వోల్‌దోంగ్ పాత శ్మశానం దారిలో నేలలో ఒక రాయి పాతి ఉంటుంది. 1982లో చున్ దూహ్వాన్ దామ్యాంగ్‌లో ఒక పల్లెలో ఒక రాత్రి బస చేశాడని అక్కడ శిలాఫలకం వేయించారు. 1989లో ఉద్యమకారులు దాన్ని పగలగొట్టి తెచ్చి, వచ్చేపోయేవాళ్లు తొక్కుతూ నడవాలని ఇక్కడ పాతిపెట్టారు. ఇప్పుడు ఎన్నికలొస్తే అభ్యర్థులు పూలు పట్టుకుని ఈ దారినే వస్తారు. ఎవరు తొక్కారు, ఎవరు పక్కనుంచి తప్పుకుపోయారు అని కెమెరాలు కాళ్ల వంక చూస్తుంటాయి.