బస ఎక్కడ? సరస్సు ఒడ్డునా, నగరంలోనా?

దూర ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఏమేమి చూడాలా అని అందరూ ఆలోచిస్తారు. రాత్రిళ్ళు ఎక్కడ బస చెయ్యాలా అని మాత్రం చాలామంది ఆలోచించరు. కాని పిల్లలూ, కొన్నిచోట్ల మన బసను బట్టే మనం చూసేది కూడా మారిపోతుంది. ఉత్తర ఇటలీ అటువంటి ప్రదేశం.

పటంలో ఇటలీ బూటు ఆకారంలో ఉంటుంది గదా! ఆ బూటు పై అంచున ఆల్ప్స్ పర్వతాలున్నాయి. పర్వతాలకు దిగువ మైదానంలో మిలాన్ మహానగరం ఉన్నది. దానికి ఉత్తరంగా, కొండల నడుమ కోమో సరస్సు ఉన్నది. మిలాన్ సెంట్రల్ స్టేషనులో రైలెక్కితే సుమారు గంటలో సరస్సు ఒడ్డున ఉండే వరెన్నా అనే చిన్న ఊరు చేరవచ్చు.

మీరు అమ్మానాన్నలతో అక్కడికి వెళ్ళారనీ, చేతిలో నాలుగు రోజులే ఉన్నాయనీ అనుకోండి. రోజూ పెట్టెలు మోసుకుంటూ బస మార్చటం కుదిరే పని కాదు. మరి ఎక్కడ దిగుతారు?

ముందు నగరం సంగతి చూద్దాం. మిలాన్ నడిబొడ్డున పాలరాతితో కట్టిన బ్రహ్మాండమైన చర్చి ఉన్నది. దాన్ని దువోమో అంటారు. 1386లో కట్టడం మొదలుపెడితే, ఆఖరి తలుపు అమర్చేసరికి 1965 వచ్చింది! దాని మీద మూడు వేలకు పైగా శిల్పాలున్నాయి. మెట్లెక్కిగాని, లిఫ్టులోగాని దాని కప్పు మీదికి వెళ్ళి తిరగవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున అక్కడినుంచి ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి.

ఈ నగరంలోనే ఒక మఠం భోజనశాల గోడ మీద లియొనార్డో డా వించీ "చివరి విందు" అనే చిత్రం వేశాడు. సున్నపు గోడ తడిగా ఉండగా రంగులు వేస్తే అవి గోడలోకి ఇంకి, ఎంతో కాలం నిలుస్తాయి. కాని లియొనార్డో నిదానంగా, దిద్దుకుంటూ పనిచేసే మనిషి. అందుకని ఆయన పొడి గోడ మీద రంగులు వేశాడు. ఫలితంగా ఆయన బతికి ఉండగానే చిత్రం చెడిపోసాగింది. 1943లో బాంబులు పడి ఆ శాల చాలా భాగం కూలిపోయినా, ఇసుక బస్తాలు అడ్డం పేర్చి ఉంచినందువల్ల చిత్రమున్న గోడ దక్కింది. మనుషుల ఊపిరిలో ఉండే తేమ, బట్టల దుమ్ము దానికి హాని చేస్తాయి. అందుచేత ఒక్కొక్కసారి కొద్దిమందినే, అదీ పావుగంట సేపే లోపలికి పంపుతారు. టిక్కెట్టు ముందుగానే తీసుకుని, చెప్పిన వేళకు అక్కడ ఉండాలి. సరస్సు ఒడ్డున దిగినవాళ్ళకు ఆ రోజు రైలు తప్పిందో, చిత్రం తప్పినట్టే!

నగరంలో ఇంకొక సౌకర్యం ఉన్నది. తూర్పున వెరోనాకు, పడమట టురిన్‌కు పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. వాన పట్టుకున్నా చూడటానికి మ్యూజియంలు బోలెడు.

ఇక సరస్సు. పంగలకర్రను తలకిందులు చేసి పట్టుకుంటే ఎలా ఉంటుందో, కోమో సరస్సు అలా ఉంటుంది. పూర్వం ఆల్ప్స్ మీదినుంచి మెల్లగా జారిన హిమానీనదాలు లోయను లోతుగా తొలిచాయి. సరస్సు లోతు 400 మీటర్లకు పైమాటే. దువోమో ఎత్తు 108 మీటర్లు. అటువంటివి మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా నీళ్ళలో మునిగిపోతాయి!

వరెన్నా నుంచి లాంచీలో పావుగంట వెళితే, పంగల మధ్య ఉండే బెల్లాజియో వస్తుంది. నైరుతి కొనన కోమో పట్టణం ఉన్నది. అలెస్సాండ్రో వోల్టా 1745లో పుట్టింది అక్కడే. రెండు రకాల లోహపు బిళ్ళలను, మధ్య మధ్య ఉప్పునీటిలో తడిపినవి పెడుతూ, దొంతరగా పేర్చి ఆయన 1799లో మొట్టమొదటి బ్యాటరీ తయారుచేశాడు. విద్యుత్తును కొలిచే "వోల్టు" అన్న మాట ఆయన పేరునుంచే వచ్చింది. ఆయన పరికరాలను చూపే మ్యూజియం సరస్సు ఒడ్డునే ఉన్నది.

వరెన్నా పక్కన "ఫియుమెలాత్తే" అని ఒక బుల్లి ఏరున్నది. ఆ పేరుకు పాలయేరు అని అర్థం. కొండలోనుంచి పుట్టి, తెల్లగా నురుగులు కక్కుతూ పావు కిలోమీటరు ఉరికి సరస్సులో కలిసిపోతుంది. చలికాలంలో ఎండిపోతుంది. లియొనార్డో దీని సంగతి తన నోటు పుస్తకాలలో రాసుకున్నాడు.

ఇవన్నీ నగరంలో బస చేసి, పగలు వచ్చి చూసిపోవచ్చు గదా అంటారా? చాలా వరకు చూడవచ్చు. కాని ఒకటి దొరకదు. రాత్రి చల్లబడిన గాలి కొండలనుంచి కిందికి దిగుతుంది. అందుచేత తెల్లవారుజామున ఉత్తరంనుంచి గాలి వీస్తుంది. దాన్ని టివానో అంటారు. పొద్దెక్కాక ఎండకు కొండవాలులు వేడెక్కి, అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ చోటు నింపటానికి దక్షిణాన మైదానంనుంచి గాలి బయలుదేరుతుంది. దాని పేరు బ్రేవా. మిలాన్ నుంచి మామూలుగా వచ్చిపోయేవారికి బ్రేవా తగులుతుంది, జనసమ్మర్దమూ తగులుతుంది. టివానో మటుకు అక్కడ నిద్ర లేచినవాళ్ళకే. సాయంత్రం జనం వెళ్ళిపోయాక నిశ్చలంగా ఉండే నీరు కూడా అంతే.

సరస్సు ఒడ్డున ఇబ్బందులు లేకపోలేదు. ఊళ్ళన్నీ కొండవాలున ఉన్నాయి గనక వీధులనిండా మెట్లే. పెట్టెలు మొయ్యాలి. మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ వెంట ఉంటే మరీ కష్టం. చలికాలంలో చాలా హోటళ్ళు మూసేస్తారు.

కనక ఇలా చెయ్యండి. మన సెలవులు వచ్చే మే నెలలో వెళితే మొదటి మూడు రాత్రులూ సరస్సు ఒడ్డున ఉండండి. ఆఖరి రాత్రి మిలాన్‌లో గడపండి. "చివరి విందు" టిక్కెట్టు ఆ మర్నాటికి తీసుకోండి. బస మార్చేది ఒక్కసారే, రైలు తప్పుతుందన్న భయమూ లేదు. చలికాలమైనా, మెట్లెక్కలేని పెద్దలు వెంట ఉన్నా, చాలా ఊళ్ళు చూడాలన్నా నగరమే మేలు.

ఏ ఊరికి వెళ్ళినా ఈ ప్రశ్న వేసుకోవటం మంచిది. పగలు ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు. ఉదయమూ, సాయంత్రమూ మాత్రం బస ఉన్నచోటే దొరుకుతాయి. వాటిని ఎక్కడ గడపాలని ఉన్నదో ముందు తేల్చుకోండి; బస సంగతి దానంతట అదే తేలిపోతుంది.