వారమున కొకమారు

మా పెద్దక్కగారికి కీళ్లవాతము. ఉదయమున చెంబెత్తుటకును వ్రేళ్లకు శక్తి చాలకుండెను. వైద్యుడు మెథోట్రెక్సేటు అను మాత్రను వ్రాసియిచ్చెను. అది వారమున కొకమారు మాత్రమే మ్రింగవలసిన మందు. ఆ సంగతి చీటిలో ఇంగ్లీషున, పొడియక్షరములతో నుండెను. మందుల దుకాణమువాడు పొట్లముమీద నేమియు వ్రాయలేదు. అక్కగారికి తెలుగు చక్కగా చదువవచ్చును, ఇంగ్లీషు రాదు. రక్తపుపోటు మాత్రతోబాటు దీనినిగూడ ప్రతిదినము మ్రింగుచు వచ్చిరి. ఇంట ఇంగ్లీషు చదివినవారము నలుగుర ముంటిమి. ఒక్కరమును ఆ చీటి విప్పి చూడలేదు.

తొమ్మిదవనాటికి నోరంతయు పూసెను. వేడిచేసినదని మజ్జిగ పోసితిమి. మరి రెండు దినములకు జ్వరము తగిలెను. ఆసుపత్రిలో రక్తము పరీక్షించి, తెల్లకణములు మిక్కిలి తగ్గినవని చెప్పి, ఒక చిన్నవైద్యుడు, "అమ్మా, ఈ మాత్ర ఏ వారమున మ్రింగుచున్నారు?" అని యడిగెను. "రోజూ మ్రింగుచున్నాను నాయనా, ఒక్కనాడైనను తప్పలేదు" అని అక్కగారు కొంత గర్వముగనే చెప్పిరి. ఆ మాటకు మేము తల యెత్తలేకపోతిమి.

1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పుకొని మురియని తెలుగువా డుండడు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు ఆయన పర్యవేక్షణమున ఫోలికామ్లమునకు విరోధులైన పదార్థములు తయారయ్యెను. వానిలో అమినోప్టెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తపుకేన్సరు సోకిన బిడ్డలకిచ్చి, కొందరియందు వ్యాధి కొంతకాల మణగుట చూచి, 1948లో ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావుగారు గతించిరి. మెథోట్రెక్సేటు ఆ మందునకు తోబుట్టువు. రక్తపుకేన్సరు అణగిన పిదప అది మరల తలయెత్తకుండ నేటికిని బిడ్డలకు దీనిని వారమున కొకమారు మాత్రలుగా నిత్తురు.

కణము రెండుగా చీలుటకు ఫోలికామ్లము కావలెను. ఈ మందు దాని పని నడ్డును. కాబట్టి వడిగా పెరుగు కణములకే ముందుగా దెబ్బ తగులును. కేన్సరు కణములేకాదు, మూలుగలో పుట్టు రక్తకణములును, నోటి లోపలిపొరయు నట్టివే. వారమున కొకమారైనచో నడుమ దినములలో దేహము తేరుకొనును. దినదినము మ్రింగినచో ఆ తెరపి యుండదు. మూత్రపిండములు నీరసించిన వృద్ధులలో మందు వెలికిపోక నిలిచిపోవును. కో-ట్రైమాక్సజోలు వంటి సామాన్యపు మాత్ర తోడైనను కీడు పెరుగును. గర్భవతులు దీనిని తాకరాదు.

అక్కగారికి ఫోలినికామ్లమును సూదిమందుగా నిచ్చిరి. మూడు వారములకు కోలుకొనిరి. ఐరోపాలో ఔషధ నియంత్రణసంస్థ ఇట్టి పొరపాట్లు చూచియే, వారమున కొకమారను హెచ్చరికను పెట్టెమీద స్పష్టముగా ముద్రింపవలెనని 2019లో నిర్ణయించెను. మన పొట్లముమీద "గురువారము మాత్రమే" యని తెలుగున రెండు మాటలు వ్రాయుటకు ఎంత సిరా కావలెను?

వైద్యుని సలహామీద అక్కగారు మరల ఆ మందే వాడుచున్నారు. గురువారమున క్యాలెండరుపై కుంకుమబొట్టు పెట్టి మ్రింగుదురు. ఫోలికామ్లపు మాత్ర శనివారమున. మొన్న బొట్టు పెట్టిరి గాని, మాత్ర మ్రింగినది లేనిది జ్ఞప్తికి రాలేదట. "అనుమానమున్నచో ఈ వారము వలదు, అక్కయ్యా, వైద్యునితో చెప్పుదము" అంటిమి. ఆమె డబ్బా మా చేతికిచ్చి, మాత్రలు లెక్కపెట్టుమనిరి.