ఎవరో అనుకున్నాడు

సిటీ బస్సులో స్నేహం బ్యాగుతో మొదలవుతుంది. సీటు దొరికినవాడు పక్కన నిలబడ్డవాడి బ్యాగు అందుకుని ఒళ్లో పెట్టుకుంటాడు. అడగడాలు, థాంక్స్ చెప్పుకోడాలు ఉండవు. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218లో నా క్యారేజీ బ్యాగు ఎందరి ఒళ్లో కూర్చుందో లెక్కలేదు గానీ, ఎక్కువసార్లు కూర్చుంది మాత్రం ఒకే మనిషి ఒళ్లో.

ఆయన మియాపూర్‌లో ఎక్కేవాడు, నేను మూసాపేటలో. నేను లకడీకాపూల్‌లో దిగిపోతే ఆయన కోఠి దాకా పోయి, అక్కణ్ణుంచి మూసీ దాటి ఛత్తాబజార్ చేరేవాడు. శుభలేఖలకు పేరుపడ్డ బజారు అది. అక్కడొక ప్రెస్సులో కట్టింగ్ మిషన్ మీద ఆయన పని. నేను నరసరావుపేట వైపు నుంచి వచ్చినవాణ్ణి, ఆయనది మహబూబ్‌నగర్ వైపు. వయసులో నాకంటే బాగా పెద్ద. అయినా నన్ను సార్ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. దాంతోనే పనైపోయేది. పేరు అడగాలని నాకు తట్టలేదు, ఆయనా అడగలేదు.

పేరు తప్ప మిగతావన్నీ తెలుసు. మా అమ్మ మోకాలి నొప్పి, మా పాప స్కూలు ఫీజు, మా మేనేజరు చాదస్తం ఆయనకు తెలుసు. ఎప్పుడు మూఢం వస్తుందో, ఎప్పుడు లగ్గాలు మొదలవుతాయో నాకు పంచాంగం అక్కర్లేకుండా తెలిసేది. "ఇగ మాఘం వచ్చింది సార్, రాత్రి పది దాంక మిషన్ మీదనే" అనేవాడు. ఆషాఢంలో ముఖం తేటగా ఉండేది గానీ జేబు ఖాళీ అని నవ్వేవాడు. కాగితం కత్తిరించే చేతుల్ని మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి ఉంటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు కత్తిరింపు ముక్కలు ఉండేవి, లెక్కలు రాసుకోవడానికి.

అలాంటి ముక్క ఒకటి నాకిచ్చాడు. అప్పట్లో ఇల్లు మారాలని తిరుగుతున్నాను. బ్రోకరు చూపిస్తే ఒక నెల అద్దె వాడికి సమర్పించుకోవాలి, పైగా ఓనరు "మీరేమిట్లు?" అని ఆరా తీస్తాడు. కూకట్‌పల్లిలో వాళ్ల చుట్టాల సందులో టులెట్ బోర్డు కనిపిస్తే, ఆ నంబరు ఎక్కించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. పసుపురంగు కార్డు అంచు, ఒక పక్కన బంగారు రంగులో సగం తెగిన వినాయకుడు, వెనకాల పెన్నుతో పది అంకెలు. ఆ పోర్షన్‌లోనే మేం చాలాకాలం ఉన్నాం. ఒక నెల అద్దె మిగిలింది. ఆయనకు నేను టీ కూడా తాగించలేదు.

2018 సెప్టెంబరు 24న మెట్రో ఎల్బీనగర్ దాకా నడవడం మొదలైంది. అంతకుముందు మియాపూర్ నుంచి వస్తే అమీర్‌పేటలో ఆగిపోవాల్సి వచ్చేది. ఇక కూకట్‌పల్లిలో ఎక్కితే నేరుగా లకడీకాపూల్. ఏసీ, ట్రాఫిక్ లేదు, చొక్కా నలగదు. ఆ వారమే స్మార్ట్ కార్డు కొనుక్కుని బస్సు మానేశాను. మెట్రోను ఆడిపోసుకోను, అది నాకు రోజూ బోలెడంత టైము మిగిల్చింది. కానీ "అన్నా, రేపట్నుంచి నేను రైల్లో పోతాను" అని ఒక్క మాట చెప్పొచ్చుగా? చెప్పలేదు. బస్సులో దొరికే మనిషి బస్సుతోపాటే ఉంటాడులే అనుకున్నాను. ఊళ్లో అయితే సందు మారినా చెప్పి వెళ్తాం.

2020 మార్చిలో బస్సులూ మెట్రో రెండూ ఆగిపోయాయి. పెళ్లికి 50 మందికి మించకూడదన్న రోజుల్లో శుభలేఖలు ఎవరు వేయిస్తారు? అప్పుడు గుర్తొచ్చాడు. ఫోన్ చేద్దామంటే నంబరు లేదు.

అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో ఇలాంటి వాళ్ల గురించి రాశాడు. స్టేషన్‌లో రోజూ ఒకరినొకరు చూసుకుంటారు, పలకరించుకోరు. అదే మామూలుగా కలిసే చోటికి దూరంగా ఎదురుపడితే పలకరించుకునే అవకాశం ఎక్కువట. దూరం పోయేకొద్దీ ఆ తెలిసిన మొహం దగ్గరిదవుతుందన్నమాట. నా విషయంలో తలకిందులైంది. బస్సులో నోరారా మాట్లాడుకున్న మనిషి గచ్చిబౌలిలో ఎదురైతే నేను నోరు మూసుకున్నాను.

అప్పటికి ఉద్యోగం మారాను. కొత్త మేనేజరుతో, మరో ఇద్దరితో కలిసి ఒక పెద్ద భవనంలో మీటింగుకు వెళ్లాం. కింద సెక్యూరిటీ డెస్కు దగ్గర నీలం యూనిఫాంలో ఆయన. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"సార్, మంచిగున్నరా? గుర్తువట్టిన్రా, 218ల..."

మేనేజరు నా వైపు తిరిగి "తెలిసినాయనా?" అన్నారు.

"లేదండీ, ఎవరో అనుకున్నాడు" అన్నాను.

ఆయన విన్నాడు. ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "అవ్ సార్, నేనే వేరేటోళ్లనుకున్న. పేరు, నంబరు రాయుండ్రి" అని రిజిస్టరు నా వైపు తిప్పాడు. నా అబద్ధాన్ని ఆయనే మోశాడు. చొక్కా మీద పేరు బిళ్ల ఉంది. తలెత్తితే చదివేవాణ్ణి. ఎత్తలేదు. నా పేరు, ఫోన్ నంబరు మాత్రం నా చేత్తోనే రాసి ఇచ్చాను.

ఎందుకలా అన్నానా అని తర్వాత చాలా తవ్వుకున్నాను. ఆయన యూనిఫాం చూసి చిన్నతనమైందంటే పూర్తి నిజం కాదు. చిన్నతనమైంది 218 వల్ల. కొత్త ఆఫీసులో నేను కారు మనిషిని. క్యారేజీ పట్టుకుని బస్సులో వేలాడిన మనిషి సంగతి అక్కడెవరికీ చెప్పలేదు. ఆయన ఇంకొక్క వాక్యం మాట్లాడితే అది బయటపడేది. ఇంత అల్పమైన కారణం రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

మీటింగు ముగించుకుని దిగేసరికి డ్యూటీ మారింది. కొన్నాళ్లకు ఒక్కణ్ణే మళ్లీ వెళ్లాను. "పాయింట్లు మారుస్తుంటరు సార్, పేరు చెప్పుండ్రి చూస్తా" అన్నాడు సూపర్‌వైజరు. పేరు చెప్పలేక, పెద్దాయన, నెరిసిన జుట్టు, ఇదివరకు ప్రెస్సులో చేసేవాడు అంటూ నసిగాను. అసలు పేరే తెలియని మనిషి కోసం ఎందుకొచ్చావన్నట్టు చూశాడు. న్యాయమే. ఛత్తాబజార్ కూడా వెళ్లాను. మొదటి ప్రెస్సులోనే "నామ్ క్యా హై ఉన్‌కా?" అని అడిగారు. రెండోదాంట్లో అడిగించుకునే ధైర్యం లేకపోయింది.

ఆ రిజిస్టరులో నా నంబరు ఉంది. ఆయన ఫోన్ చేయలేదు, చేస్తాడనీ నేను అనుకోను.

ఛత్తాబజార్‌లో కట్టింగ్ మిషన్ మీద పనిచేసి, మియాపూర్‌లో 218 ఎక్కే పెద్దాయన మీకెవరికైనా ఎదురైతే, మూసాపేటలో ఎక్కేవాడు ఆ రోజు తనని గుర్తుపట్టాడని చెప్పండి. ముందు ఆయన పేరు అడగండి.