పారిస్‌లో ఒక గ్రూపు డాన్సరు

ఈఫిల్ టవర్‌ని మీరు మొదట ఎక్కడ చూశారు? సినిమా పాటలోనే గదా! నేనూ అంతే. 1998లో వచ్చిన శంకర్ ‘జీన్స్’లో ప్రశాంత్, ఐశ్వర్యారాయ్ ఒక్క పాటలో ఏడు వింతలూ చుట్టొచ్చేశారు. ఆ పాటని అరకులో, పక్కింటివాళ్ళ టీవీలో, గుమ్మంలో నిలబడి చూసినవాణ్ణి నేను. ఎప్పటికైనా ఆ పీసా గోపురం ముందు, ఆ ఈఫిల్ టవర్ ముందు స్టెప్పు వెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

వేశాను! కాకపోతే హీరోగా కాదు. నాలుగో వరుసలో, ఎడమ నుంచి రెండోవాడిగా. సినిమా పేరు అడక్కండి, ఇంకా విడుదల కాలేదు.

విదేశీ షూటింగంటే మీరేదో వూహించుకుంటారుగానీ, జనం రాకముందే పని కానివ్వాలని తెల్లవారుజామున నాలుగింటికే మేకప్. చలికి పళ్ళు టకటకలాడుతుంటే పల్చటి చొక్కాలతో నవ్వాలి. ఇంకో తమాషా చెప్పనా? డాన్సరు కెమెరా వైపు చూడాలి, కట్టడం వెనకాల కనిపించాలి. అంటే ఆ ఈఫిల్ టవర్ ఎప్పుడూ మా వీపు వెనకే! పీసాలోనూ యిదే కథ. వొరిగిన గోపురం చూడటానికి ప్రపంచమంతా వస్తుంది, నేను చూసింది మాత్రం లెన్సునీ, డాన్సు మాస్టరుగారి కోపాన్నీ. ప్యాకప్ చెప్పగానే బస్సు, బస్సు దిగితే హోటలు, హోటల్లో రైస్ కుక్కరు.

ఎట్టకేలకు పారిస్‌లో ఒకరోజు సెలవు దొరికింది. మిగతావాళ్ళు సెంట్ల కోసం బజారుకి పోయారు. నేను మోనాలిసాని చూడాలని లూవ్రకి పోయాను. తీరా చూస్తే ఆ రోజు మంగళవారం. మంగళవారం లూవ్రకి సెలవట! 1989లో కట్టిన ఆ గాజు పిరమిడ్ ముందు, నాలాంటి తెలివైనవాళ్ళు యింకో వందమంది నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళతో పాటు నేనూ ఒకటి తీసుకున్నాను. పిరమిడ్ నా వెనకాలే, అలవాటు చొప్పున!

నది దాటి అవతలికి వెళితే ఓర్సే అనే మ్యూజియం వుందనీ, దానికి సోమవారం సెలవనీ ఎవరో చెప్పారు. బతుకు జీవుడా అనుకుంటూ నడిచాను.

లోపలికి అడుగు పెట్టగానే నాకు నవ్వొచ్చింది. అది రైల్వే స్టేషను! నిజమండీ. 1900లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ కోసం కట్టిన స్టేషను. రైళ్ళు పొడవయ్యేసరికి ప్లాట్‌ఫారాలు చాలక, 1939లో దూరపు రైళ్ళని ఆపేశారు. పాడుబడి వున్న రోజుల్లో ఆర్సన్ వెల్స్ తన ‘ది ట్రయల్’ (1962) సినిమాని అక్కడే చాలా భాగం తీశాడు. 1986లో దాన్ని మ్యూజియం చేశారు. ఎత్తైన గాజు కప్పు, గోడకి బ్రహ్మాండమైన గడియారం అట్లాగే వున్నాయి. విశాఖ నుంచి కొండలెక్కి, సొరంగాలు దూరి, అరకు మీదుగా కిరండూల్ పోయే రైలు చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. అంత దూరం పోయి స్టేషన్లో తేలడం నా రాత అనుకున్నాను.

పెద్ద పెద్ద పటాలు చాలా చూశాను. అవన్నీ చెప్పను, అన్నీ అర్థమయ్యాయని బొంకనూ బొంకను. ఒక గాజు పెట్టె దగ్గర మాత్రం కాళ్ళు ఆగిపోయాయి.

కంచు బొమ్మ. మీటరు ఎత్తు వుంటుందేమో. సన్నటి పిల్ల. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి, పాదం బయటికి తిప్పి, గడ్డం పైకెత్తి నిలబడింది. వొంటి మీద నిజం గుడ్డతో కుట్టిన గౌను, జడకి నిజం రిబ్బను. పేరు చదివాను: ‘పద్నాలుగేళ్ళ చిన్న డాన్సరు’. చేసినాయన ఎద్గార్ దెగా.

మీకు ఆ బొమ్మ అందంగా కనిపించకపోవచ్చు. నాకు మాత్రం ఆ నిలబడటం తెలుసు. షాట్‌కీ షాట్‌కీ మధ్య, లైటింగ్ సరిచేసేటప్పుడు, కూర్చోవడానికి వీల్లేక, కాళ్ళు లాగుతున్నా మొహంలో కనపడనివ్వకుండా మేం నిలబడేది అట్లాగే. ఆ పిల్ల హీరోయిన్ కాదు, గ్రూపు డాన్సరు!

తర్వాత ఆమె సంగతి చదివి తెలుసుకున్నాను. అసలు పేరు మారీ వాన్ గోతెమ్. తల్లి బట్టలుతికే మనిషి. పారిస్ ఆపెరా డాన్సు బడిలో చేరింది. అక్కడి బీద పిల్లల్ని ‘చిట్టెలుకలు’ అనేవారట. దెగా ఆమెని ఎదుట నిలబెట్టి మైనంతో బొమ్మ చేసి 1881లో ప్రదర్శనకి పెట్టాడు. చూసినవాళ్ళలో కొందరు మొహం చిట్లించారు, కోతిలా వుందన్నారు. మరుసటేడు ఆ పిల్లని ఆపెరా నుంచి తీసేశారు, పాఠాలకి సరిగ్గా రావడం లేదని. 1917లో దెగా పోయాక ఆ మైనం బొమ్మ నుంచి కంచు బొమ్మలు పోతపోశారు. ఇప్పుడవి ఎన్నో దేశాల మ్యూజియాల్లో వున్నాయి. బొమ్మ పేరులో మాత్రం మారీ లేదు.

ఆ గాజు పెట్టె ముందు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

మాది అరకు దగ్గర కొండదొరల పల్లె. అమ్మమ్మ ధింసా ఆడిందంటే చుట్టుపక్కల నాలుగు వూళ్ళు చెప్పుకునేవి. చైత్ర పండగ వచ్చిందంటే ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని పాములా మెలికలు తిరుగుతూ ఆడతారు. అందులో ఎనిమిది రకాలున్నాయి: గ్రామదేవతకి బోడ ధింసా, ఆకులు కోస్తున్నట్టు పోతర్ తోల, పులికి భయపడి పారిపోతున్నట్టు భాగ్ ధింసా... అన్నీ ఆమెకి వచ్చు. చిన్నప్పుడు ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని నేనూ తిరిగాను.

ఆమె వయసులో వుండగా ఒక సినిమా యూనిట్ అరకు వచ్చిందట. హీరోయిన్ వెనకాల ఆడటానికి మా వూరి ఆడవాళ్ళని పిలిచారు. ఆ రోజు కూలి కంటే ఎక్కువే యిచ్చారు. సినిమా వచ్చాక అందరూ శృంగవరపుకోట హాలుకి పోయి చూశారు. పాట సగం అయ్యాక అమ్మమ్మ కనిపించింది, రెండు సెకన్లు. “నా ఈపు సూసినాన్రా!” అని యిప్పటికీ నవ్వుతూ చెబుతుంది. నవ్వుతూనే చెబుతుందిగానీ, తర్వాత కాసేపు మాట్లాడదు.

అంతటి అమ్మమ్మ మనవణ్ణి నేనేం చేశానో తెలుసా? హైదరాబాదులో మొదటి సెలక్షన్లో “ఏ డాన్సు వచ్చు?” అని అడిగితే “వెస్టర్న్” అన్నాను. ధింసా వచ్చని చెబితే నవ్వుతారేమోనని భయం. ఆ మాట యిన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీకే మొదటిసారి చెబుతున్నాను.

తిరిగొచ్చిన వారానికి రైలెక్కి అరకు వెళ్ళాను. అక్కడ 1996లో పెట్టిన గిరిజన మ్యూజియం వుంది. దాని ముందు నుంచి వెయ్యిసార్లు పోయుంటాను, ఒక్కసారీ లోపలికి పోలేదు. మన యింట్లో రోలూ, తట్టా చూడ్డానికి టిక్కెట్టెందుకని! ఈసారి అమ్మమ్మని ఆటోలో ఎక్కించుకు వెళ్ళాను. మనిషెత్తు బొమ్మలు, నగలు, వేట సామాను, వంట పాత్రలు. అమ్మమ్మ ఒక్కొక్కటీ చూసి, “ఇది మనకాడా ఉన్నాది గదరా” అంటూ నడిచింది. ధింసా ఆడే బొమ్మల దగ్గర ఆగి, వాటి చేతులు ఎట్లా పట్టుకున్నాయో వంగి మరీ చూసింది.

అప్పుడు ఫోన్‌లో మారీ ఫోటో చూపించాను.

“ఎవుల పిల్లరా? కాళ్ళు నొప్పెట్టేస్తన్నట్టున్నాయి పాపం. దీని పేరేటి?”

“మారీ.”

“నీకెలా తెలిసినాది?”

“పుస్తకంలో రాశారు.”

అమ్మమ్మ బొమ్మల వైపు తిరిగింది. “మరి ఈళ్ళవి?”

ఏం చెప్పను? “ఇవి ఉత్త బొమ్మలే అమ్మమ్మా” అన్నాను. ఆమె వినలేదు. ఈ చివర నుంచి మొదలుపెట్టి, ఆనాడు తనతో పాటు సినిమాలో ఆడినవాళ్ళ పేర్లు ఒక్కో బొమ్మకీ పెట్టుకుంటూ పోయింది. వాళ్ళలో యిద్దరో ముగ్గురో మిగిలారు. అందరి పేర్లూ అయ్యాక ఒక బొమ్మ మిగిలిపోయింది. దాని ఎదుట నిలబడి, చీర కొంగు సర్దుకుని, నా వంక చూసింది.

“ఫోటో తియ్యరా. మొకం కనిపించేలాగ తియ్యి.”

తీశాను. పోయిన నెల కొత్త పాట రిహార్సల్లో డాన్సు మాస్టరుగారు మళ్ళీ అడిగారు, ఎవరికేం వచ్చని. నా వంతు వచ్చింది. గొంతు సరిచేసుకుని “ధింసా” అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టరుగారు మాత్రం “ఏదీ, చెయ్యి చూద్దాం” అన్నారు. పోతర్ తోల చేసి చూపించాను. పాటలో వుంచుతారో, కత్తిరిస్తారో ఇంకా తెలీదు.